బిగుసుకొనిన కొళాయి

చెరువుగట్టునను బావిచప్టామీదను స్నానము చేసిన కాలము మనలో పలువురకు జ్ఞాపకమే. నేడు పల్లెలయందును స్నానపుగదులు, నీరు కాచు గీజరులు వెలసినవి. చన్నీటిని వేడినీటిని ఒక్క పిడితో కలిపి యిచ్చు మిక్సరు కొళాయి మీ యిండ్లలోనికిని వచ్చియుండును. కొళాయినే తెలంగాణమున నల్లా యందురు. ఆ పిడి కదలక బిగుసుకొనినప్పుడు చేయదగిన పనిని మనవి చేసెదను.

ఇది స్వల్పవిషయమని తోచవచ్చును. కాని 60 డిగ్రీల వేడిగల నీరు అయిదారు సెకండ్లలోనే చర్మమును కాల్చును. ముసలివారి చర్మము పలుచన. చేయి వెనుకకు తీసికొనుటయు ఆలస్యము. కావున వేడివైపున నిలిచిపోయిన పిడి వృద్ధులకును పసిపిల్లలకును అపాయకరము. అసలీ ఒంటిపిడి కొళాయి పుట్టుటకును అట్టి యపాయమే కారణము. 1937లో అమెరికాయందు ఆల్ మోయెన్ అను విద్యార్థి, రెండు పిడుల కొళాయికడ వేడినీరు చేతులపై పడగా, ఈ సాధనమును యోచించెను. 1947లో అది అంగడికి వచ్చెను.

వైద్యుడు నిదానము చూచి గాని చికిత్సకు పూనుకొనడు. ఇచటను అంతియే. వాననీరు నేలలోనికి ఇంకునపుడు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సున్నపురాతిని కొంత కరిగించుకొనును. పలనాడు, కడప, కర్నూలు సీమలయందు అట్టి రాయి విస్తారము. ఆ నీటిని కాచినప్పుడు వాయువు పోయి, సున్నము గట్టిపడి పేరుకొనును. కొళాయి కడుపులో కార్ట్రిడ్జి యను బిళ్ల గలదు. అందు నున్నని పింగాణిరేకులు ఒకదానిపై నొకటి జరుగుచు నీటిని విడుచును, ఆపును. వాని నడుమను చుట్టును సున్నము చేరినచో పిడి కదలదు. అపుడు బలము చూపినచో పిడి విరుగునే గాని రోగము తీరదు.

ఇక చికిత్స. మా యింట ఈ పని నేనే చేసికొనుచున్నాను. మొదట గీజరు మీట ఆపి, నీరు చల్లారనిచ్చెదను. పిమ్మట కొళాయి క్రిందనున్న రెండు వాల్వులను మూసెదను. అవి లేనిచో మిద్దెపై తొట్టి వాల్వు మూసి, దిగువనున్న వేరొక కొళాయి విప్పి గొట్టములలోని నీటిని విడువవలయును. మరలు జారిపోకుండ తూమునకు గుడ్డ కప్పవలయును.

పిడిమీది ఎఱుపు నీలము గుర్తుగల బొత్తామును మెల్లగా లేపిన, లోపల చిన్న మర కనబడును. దానిని ఆరుమూలల అలెన్ కీతో వదులు చేసి పిడిని తీయుడు. దాని క్రింది గుల్ల చేతితోనే ఊడివచ్చును. అటుపై పెద్ద నట్టును గుడ్డ చుట్టిన స్పానరుతో ఎడమకు త్రిప్పుడు. అది కదలనిచో ఇంక బలవంతము వలదు. గోడలోని గొట్టము పగులును. పనివానిని పిలుచుట మేలు.

కార్ట్రిడ్జిని నిలువుగా పైకి తీయుడు. ఏ వైపు ఎటున్నదో ముందే గుర్తు పెట్టుకొనుడు. దానిని నిమ్మరసము కలిపిన నీటిలో అరగంట నానవేయుడు. బుడగలు లేచినచో సున్నము కరుగుచున్నదని యర్థము. మెత్తని కుంచెతో తోమి, మంచినీటితో కడుగుడు. చాకుతో గీకరాదు. స్నానపుగది నేలలు కడుగు ఘాటైన ఆమ్లమును వాడరాదు. అది మెఱుగుపూతను తినివేయును. ఆమ్లమును బ్లీచింగు పొడితో కలిపినచో విషవాయువు పుట్టును. రబ్బరు చుట్టలకు సిలికోన్ గ్రీజు రాయుడు. వాసెలిను కొన్ని రబ్బరులను ఉబ్బించును. ఇంతకును బిళ్ల కదలనిచో, పాతదానిని అంగడికి కొనిపోయి అదే కొలతగలది తెచ్చుకొనుడు.

మరల బిగించి, వాల్వులను మెల్లగా తెరచి, చుక్క కారుచున్నదేమో చూడుడు. సెకండునకొక చుక్క యనిన దినమునకు 86,400 చుక్కలు. మిల్లీలీటరునకు ఇరువది చుక్కల లెక్కన నాలుగు లీటర్లకు పైగా నీరు వ్యర్థము. నీరు నిండుగా వచ్చిన పిదపనే గీజరు మీట నొక్కుడు. వేడిని మొదట చేతివ్రేలితో పరీక్షించిన పిమ్మటనే పిల్లలను స్నానమునకు పంపుడు.

ఈ పని చేయునపుడు మనుమనినో మనుమరాలినో చెంత కూర్చుండబెట్టుకొనుడు. మర యెటు తిరుగునో, సున్నమెట్లు కరుగునో కన్నులార చూచిన పిల్లలు, రేపు వేరొక వస్తువు చెడినపుడు బలము చూపక కారణము వెదకుదురు.