ఆదివారం రెండు నుంచి ఐదు దాకా

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

ఇంత వానలో తడుచుకుంటూ వచ్చి, కుర్చీలు సరిపోక గోడకు ఆనుకుని నిలబడ్డ మా పిల్లలకు రాం రాం.

ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల కోసం ఏర్పాటైన బృందం 1982 ఆగస్టు 9న మొదటిసారి సమావేశమైంది. ఆ గుర్తుగానే మనం ఈ రోజును పండుగ చేసుకుంటున్నాం. పొద్దుటి నుంచి పెద్దలు భూమి గురించి, అడవి గురించి, భాష గురించి మాట్లాడారు. మాకిచ్చిన అంశం వాటి ముందు చిన్నగానే కనిపిస్తుంది: తీరిక వేళల్లో కొత్తవి ఏం నేర్చుకోవాలి, ఇష్టంగా చేసే పనితో నాలుగు రూపాయలు ఎట్లా సంపాదించుకోవాలి అని. వార్డెన్ అంటే గంట కొట్టే మనిషి, లైట్లు ఆర్పే మనిషి. అట్లాంటి మేము తీరిక గురించి మాట్లాడుతామంటే వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి. మేము చేసిన తప్పుతోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ల కింద మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. స్టడీ అవర్‌లో లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఏవో గీతలు గీసుకుంటూ రెండుసార్లు దొరికింది. మూడోసారి మేము ఆ బుక్కు లాక్కుని, అందరి ముందు నాలుగు మాటలని, ఆఫీసు అల్మారాలో పడేశాం. "ఊకె గీతలు గీస్తే అన్నం పెడ్తదా?" అని కూడా అన్నాం. ఆ పిల్ల మళ్లీ గీయలేదు. క్రమశిక్షణ కుదిరిందని సంతోషపడ్డాం.

ఏడాది తర్వాత ఆడిట్ కోసం అల్మారా ఖాళీ చేస్తుంటే ఆ బుక్కు కింద పడింది. తెరిచి చూశాం. అవి పిచ్చిగీతలు కావు. వరుసగా అక్షరాలు. మన గుంజాల గోండి లిపి. వేసవి సెలవుల్లో ఊరి పెద్దాయన దగ్గర నేర్చుకుందట. వాళ్లమ్మ పేరు, చెల్లెళ్ల పేర్లు, ఊరి పేరు, ఇంట్లో మేకల పేర్లు కూడా రాసుకుంది. ఒక పేజీలో మా పేరు కూడా ఉందని తర్వాత తనే చెప్పింది. మేము గోండులమే. ఇంట్లో గోండీ మాట్లాడుతాం. కానీ మా పేరు మాకు ఎదురుగా ఉన్నా చదువుకోలేకపోయాం.

ఆ రోజు సాయంత్రం ఆ అమ్మాయిని పిలిచి, బుక్కు చేతిలో పెట్టి, తప్పయిందని చెప్పాం. తర్వాత మాకూ నేర్పమని అడిగాం. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆమె టీచరు, మేము విద్యార్థులం. మా వంట అక్క కూడా వచ్చి కూర్చునేది.

టీచర్ ట్రైనింగ్‌లో మేము ఒక పాఠం చదువుకున్నాం. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఉంది. విశ్రాంతి, తీరిక, ఆట, కళలు పిల్లలకు హక్కులని అందులో రాశారు. 1992లో మన దేశమూ ఆ ఒడంబడికకు ఒప్పుకుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. హాస్టల్‌కు వచ్చాక మరిచిపోయాం.

అయితే తీరిక విలువ మనకు ఐక్యరాజ్యసమితి చెప్తేనే తెలియాలా? మన దండారీ చూడండి. దీపావళి ముందు రోజుల్లో ఒక ఊరి బృందం డోలు, పెప్రె, గుమేల పట్టుకుని ఇంకో ఊరికి అతిథిగా పోతుంది. ఆ ఊరు ఎదురొచ్చి కాళ్లు కడిగి, అన్నం పెట్టి, రాత్రంతా ఆటపాటలు చూసి, తోచింది ఇచ్చి పంపుతుంది. తర్వాత ఆ ఊరి వాళ్లు మన ఊరికి వస్తారు. కొత్త ఊరు, కొత్త మనుషులు, కొత్త పాట. అంతా అయ్యాక మళ్లీ ఎవరి చేను వాళ్లది. దండారీలో వచ్చిన దానితో ఎవరూ ఏడాదంతా బతకలేదు, బతకాలనీ చూడలేదు. అయినా ఎవరూ దాన్ని పనికిమాలిన పని అనలేదు. మేము చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. ముందు ఇష్టం, తర్వాత నేర్పు, ఆ తర్వాత వస్తే నాలుగు రూపాయలు. వరస తిరగబడితే మూడూ చెడతాయి.

మొదట ఇష్టం సంగతి. మీకేది ఇష్టమో చేసి చూస్తే తప్ప మీకూ తెలియదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే పల్లె నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. గురుకులంలో చదువుతూ భువనగిరి కొండ మీద తాడు పట్టుకుంది. ఆ తాడు పట్టుకునేదాకా కొండ ఎక్కడం తనకు వస్తుందని ఎవరికి తెలుసు? అందరూ ఎవరెస్టే ఎక్కక్కర్లేదు. మీ ఊరి చెరువు గట్టు మీద పొద్దున ఎన్ని రకాల పిట్టలు వాలుతాయో నెల రోజులు రాసి చూడండి. గోండీలో వాటి పేర్లు అవ్వను అడిగి పక్కనే రాయండి. కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల అభయారణ్యం. పట్నం నుంచి వచ్చేవాళ్లు పిట్టలు చూడటానికి కెమెరాలు పట్టుకుని వస్తున్నారు. మన గడప ముందున్న పిట్ట పేరు మనకు తెలియకపోతే వాళ్లకు ఏం చెప్తాం? చదరంగం ఆడండి, సైకిల్ మీద పక్క మండలం చూసి రండి, కిక్రీ వాయించే తోటి కళాకారుల దగ్గర కూర్చుని ఒక కథ పూర్తిగా వినండి. జలపాతాలకు పోతే మాత్రం వానాకాలంలో రాళ్ల మీదికి దిగకండి. సెల్ఫీ కోసం నీళ్లలోకి పోయే పిల్లలను చూస్తే మాకు గుండె ఆగినంత పనవుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మా అనుభవం లెక్కలతో సహా చెప్తాం.

లిపి నేర్చుకున్న ఏడాది, తల్లిదండ్రులను అడిగి, ఏడుగురు అమ్మాయిలతో కేస్లాపూర్ నాగోబా జాతరలో చిన్న దుకాణం పెట్టాం. 1,150 రూపాయలకు పూసలు, దారం, కొక్కేలు కొని 46 దండలు గుచ్చాం. దండ 40 రూపాయలు. పక్కనే బయటి వ్యాపారులు అట్లాంటి దండలే సగం ధరకు అమ్ముతున్నారు. మావి 19 అమ్ముడుపోయాయి. 760 రూపాయలు వచ్చాయి. పిల్లల మొహాలు వాడిపోయాయి.

అప్పుడు ఆ అమ్మాయి డ్రాయింగ్ షీటు ముక్కలు చేసి, ఒక అట్టముక్క మీద "మీ పేరు మన లిపిలో, 20 రూపాయలు" అని రాసి పెట్టింది. ఖర్చు 180 రూపాయలు. మొదట ఒక ముసలాయన వచ్చాడు. చనిపోయిన తన భార్య పేరు రాయించుకున్నాడు. రాసిచ్చిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. జేబులో మడిచి పెట్టుకోలేదు. అట్లాగే పట్టుకుని జనంలోకి నడిచిపోయాడు. సాయంత్రానికి 63 కార్డులు రాసింది. 1,260 రూపాయలు.

రాత్రి లెక్క చూశాం. మొత్తం వచ్చింది 2,020. పూసలకు, కాగితానికి, ఆటో కిరాయి 200కు కలిపి పోయింది 1,530. మిగిలింది 490. ఏడుగురికి తలా 70 రూపాయలు. పైగా 27 దండలు మిగిలాయి. వాటిని మా పిల్లలే రెండేళ్లు వేసుకున్నారు.

ఆ 70 రూపాయలు మాకు మూడు పాఠాలు నేర్పాయి.

ఒకటి, అందరూ అమ్మేది మనమూ అమ్మితే ధర దగ్గర ఓడిపోతాం. మనకు మాత్రమే వచ్చినది ఏదో వెతుక్కోవాలి. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇవాళ ఫోన్‌లోనూ రాయవచ్చు. అయినా చేత్తో అందంగా రాసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? శుభలేఖ మీద పేర్లు, ఇంటి ముందు బోర్డు, బడి గోడ మీద అక్షరాలు, ఇవన్నీ మీ కోసం ఎదురు చూస్తున్నాయి.

రెండు, కూర్చున్న గంటలు కూడా ఖర్చే. ఒక్కో దండకు దాదాపు గంట పట్టింది, చివరికి నష్టం. కార్డుకు కొద్ది నిమిషాలే, లాభం. నోటుబుక్కులో ఒక పేజీ గీసి సామానుకు ఎంత, ప్రయాణానికి ఎంత, ఎన్ని గంటలు అని మూడు గళ్లు పెట్టండి. వచ్చిన డబ్బులో ముందుగా సామాను డబ్బు తీసి పక్కన పెట్టండి. మిగిలిందే మీ సంపాదన.

మూడు, మన సరదా ఇంకొకరి అన్నం ముద్దకు అడ్డం పడకూడదు. ఉషేగావ్, కేస్లగూడల్లో ఓజాలు డోక్రా బొమ్మలు పోస్తారు. మట్టి అచ్చు మీద మైనం దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాలి. అందుకే ఒక బొమ్మలా ఇంకొకటి ఉండదు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్లకు అది హాబీ కాదు, బతుకుదెరువు. మీకు నేర్చుకోవాలని ఉంటే వాళ్ల దగ్గరికి పోయి నేర్చుకోండి. కానీ చౌక నకళ్లు చేసి వాళ్ల ధర పడగొట్టకండి.

ఇక మేము చేసిన రెండో తప్పు. జాతర తర్వాత ఆ అమ్మాయికి పెళ్లి కార్డుల పని వచ్చింది. మేమే మురిసిపోయి ఒప్పుకోమన్నాం. రాత్రి పదకొండు దాకా రాసేది. అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల మార్కులు సగానికి పడ్డాయి. అంతకంటే బాధైన సంగతి, ఒక రోజు "మేడం, ఇప్పుడు రాయబుద్ధి అయితలేదు" అంది. ఒకప్పుడు తిట్టి ఆపించాం, ఇప్పుడు మెచ్చుకుని అలసిపోయేటట్టు చేశాం. ఆ తర్వాతే హాస్టల్‌లో నియమం పెట్టుకున్నాం. ఆదివారం రెండు నుంచి ఐదు దాకానే. పరీక్షల నెలలో పని ఒప్పుకోం. నెలలో ఒక ఆదివారం డబ్బుకు కాదు, ఊరికే మన కోసం రాసుకుంటాం. ఇప్పుడు ఆమె నర్సింగ్ చదువుతోంది. బస్సు పాసుకు, రీచార్జికి ఇంట్లో అడగట్లేదు. అంతే. అంతకన్నా ఎక్కువ చెప్తే అబద్ధం అవుతుంది.

పెద్దలున్న సభ కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకసారి కొందరు అబ్బాయిలు మా దగ్గరికి వచ్చారు. ఎండాకాలంలో పట్నంలో ఏదో పెళ్లి విందులో గుస్సాడీ వేషం వేసి ఆడితే మనిషికి రెండు వేలు ఇస్తామన్నారట. పోవాలా వద్దా అని అడిగారు. మాకు జవాబు తోచలేదు. రెండు వేలు వాళ్లకు చిన్న డబ్బు కాదు. "పటేల్‌ను, కటోడాను అడగండి" అన్నాం. పెద్దలు కసరలేదు. కూర్చోబెట్టి చెప్పారు. నెమలి పింఛాల టోపీ దండారీ రోజుల్లో దీక్ష పట్టినవాళ్లది, విందులో వడ్డించేది కాదు అన్నారు. డోలు, పెప్రె వాయించడానికి, ధింసా ఆడటానికి అడ్డం చెప్పలేదు. అబ్బాయిలు అదే మాట అవతలివాళ్లకు చెప్పారు. వాళ్లు తక్కువ డబ్బిచ్చారు. అయినా పోయి వాయించి వచ్చారు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచిపోయారు. గుస్సాడీకి అంత గౌరవం తెచ్చిన మనిషి పుట్టిన నేల ఇది. ఏది అమ్మవచ్చు, ఏది అమ్మకూడదు అన్నది ఒక్కరే తేల్చుకునేది కాదు. అడగండి. అడిగితే దారి కూడా దొరుకుతుంది.

చివరగా ఫోన్ గురించి. లైకులు కొడితే డబ్బు, ముందు ఐదు వందలు కడితే రోజుకు వెయ్యి అని మెసేజులు వస్తాయి. పని ఇచ్చేవాడు మనకు డబ్బిస్తాడు, మన దగ్గర తీసుకోడు. ముందే కట్టమన్నాడంటే అది వల. రమ్మీలు, బెట్టింగులు ఆటవిడుపు కాదు. వాటితో అప్పులపాలైన ఇళ్లు మన గూడేల్లోనూ ఉన్నాయి. మోసపోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఇంట్లో చెప్పడానికి భయమైతే మా దగ్గరికి రండి. తిట్టం. ఆ పాఠం మేము నేర్చుకున్నాం.

పిల్లలూ, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పెట్టుకోండి. ఇంతవరకూ చేయనిది ఒక్కటి చేసి చూడండి. నచ్చకపోతే ఆ పై వారం ఇంకొకటి. నచ్చితే ఏడాది పాటు ఎవరికీ అమ్మకుండా నేర్చుకోండి. అమ్మానాన్నలకు కూడా ఒక మనవి. పిల్లలు ఏదో గీసుకుంటూ, వాయించుకుంటూ కనిపిస్తే ఏం పనికొస్తుందని అడిగే ముందు, "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడగండి.

మా ఆఫీసు అల్మారా తలుపు మీద ఇప్పుడు ఒక కార్డు అంటించి ఉంది. మన లిపిలో మా పేరు. చదవడం వచ్చింది. రాయడం ఇంకా వంకరగానే వస్తోంది. ఆదివారాలు కూర్చుని దిద్దుకుంటున్నాం.

జై జంగో! జై లింగో! అందరికీ రాం రాం.