లేజర్ కోతకు ముందు చెక్కకు ఏ పాలిష్?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను వడ్రంగి విభాగంలోనే ఉన్నాను. కనుక నాకు తెలిసిన చెక్క గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన సభ్యుల పిల్లలు కొందరు ఇప్పుడు చిన్న లేజర్ మిషన్లు పెట్టుకుని నేమ్ ప్లేట్లు, జ్ఞాపికలు చేస్తున్నారు. సంతోషమే. అయితే ఒకరి ఇంట్లో మిషన్ ముందు గదిలోనే ఉంది. పక్క గదిలో ఉబ్బసంతో బాధపడే తల్లి పడుకుంటుంది. ఆ అబ్బాయి నన్ను, "బాబాయిగారూ, కోతకు ముందే పాలిష్ వేయవచ్చా? డబ్బా మీద విషం లేదని రాసి ఉంది" అని అడిగాడు.

ముందే వేయడం మంచిదే. పచ్చి చెక్కను కోస్తే పొగమసి నారలోకి ఇంకుతుంది. పూత ఉంటే మసి పైపైనే నిలిచి, తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. కాని డబ్బా మీది మాట ఆరిన పూతను చేతితో తాకేవారికి వర్తిస్తుంది. లేజర్ ఆ పూతను కాలుస్తుంది. కాలితే ఏమి వస్తుందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

పి.వి.సి., వినైల్ ఉన్న పూతలలో, అంటించే కాగితాలలో క్లోరిన్ ఉంటుంది. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది తేమతో కలిసి ఆమ్లమై ఊపిరితిత్తులనూ, మిషన్‌లోని లోహాన్నీ తినేస్తుంది. వీటిని దగ్గరకు రానీయవద్దు. ఎన్.సి. లాకర్‌లోని నైట్రోసెల్యులోజ్ ఇట్టే అంటుకుంటుంది. పాలియురెథేన్, మెలమైన్ పూతలు కాలితే హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు రావచ్చు. ఇంటి మిషన్‌కు ఇవేవీ వద్దు.

నా సలహా మన పాత లక్క పాలిషే. లక్క ఒక పురుగు చెట్టు కొమ్మల మీద విడిచే జిగురు. ఏటికొప్పాక బొమ్మల నునుపూ మెరుపూ దానివే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కలో ప్రధానంగా ఉండేవి చెక్కలో ఉండే మూలకాలే. అయితే బంగారు రంగు రేకులే కొనండి. తెల్లదనం కోసం బ్లీచ్ చేసిన లక్కలో కొంత క్లోరిన్ మిగిలి ఉంటుంది.

100 గ్రాముల రేకులను సుమారు ముప్పావు లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టాలి. పలుచగా రెండు పూతలు చాలు. పూతకూ పూతకూ మధ్య సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. తరువాత కనీసం ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. స్పిరిట్ వాసన ఉండగా మిషన్ కింద పెట్టారా, మంట లేస్తుంది. కలిపిన ద్రావకం నెలల తరబడి నిలవ ఉంటే సరిగా ఆరదు. కావలసినంతే కలుపుకోవాలి. మసిని స్పిరిట్‌తో తుడవకూడదు, పూత కరిగిపోతుంది. పాలిష్ స్పిరిట్‌లో మిథనాల్ ఉండవచ్చు. తాగితే చూపు, ప్రాణం కూడా పోవచ్చు. సీసాకు చీటీ అంటించి, మనవలకు అందకుండా పెట్టండి.

లక్క వేశాము కదా అని పొగను పీల్చవద్దు. ఒట్టి చెక్క పొగ కూడా ఉబ్బసానికి శత్రువే. గొట్టంతో పొగ బయటకు పోవాలి. ఆ గొట్టం చివర పక్కింటి కిటికీకి ఎదురుగా ఉండకూడదు. మిషన్ నడుస్తున్నంతసేపూ మనిషి దగ్గరే ఉండాలి, అగ్నిమాపక సిలిండరు చేతికందాలి.

ఆ అబ్బాయికి ఇదంతా చెప్పి, ముందు మిషన్‌ను పెరటి రేకుల షెడ్డులోకి మార్చమన్నాను. ఖర్చవుతుందని తటపటాయించాడు. మనలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి మిషన్ ఉంటే, పెద్దవాళ్లుగా ఈ ఒక్క విషయంలో పట్టు విడవవద్దని కోరుతున్నాను.