మాయాబజార్, మా పుంటికూర పప్పు



1957లో విజయా సంస్థ తీసిన, కె.వి. రెడ్డిగారి 'మాయాబజార్' చూడనివారు మనలో ఉండరు. ఎస్.వి. రంగారావుగారు పెళ్ళివంటల ముందు కూర్చోగానే, మాధవపెద్ది సత్యంగారి గొంతుకు మనకూ ఆకలి పుడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ సినిమా మళ్ళీ వస్తే, మన బెల్లంపల్లి హాలులో మా ఇంటామెతో చూశాను. లడ్లు వాటంతటవే నోట్లోకి పోతుంటే చప్పట్లు కొట్టాను. ఆమె మాత్రం "వండినోళ్ళు కనబడరేంది?" అన్నది. నవ్వి ఊరుకున్నాను.

నిరుడు ఆమె కాలు విరిగి మంచాన పడ్డది. టీవీలో అదే సినిమా వస్తున్నది. అందులో గోంగూర మాట రాగానే, మన పుంటికూరే గదా అని పప్పు వండబోయాను. కందిపప్పు, ఆకు ఒకేసారి వేశాను. గంటయినా ఉడకలేదు.

"పులుపు ముందే పడితే పప్పు ఉడుకుతదా? మెత్తబడ్డంక ఆకు వెయ్యాలె" అన్నది మంచం మీదినుంచి.

ఫైలులో ఏ కాగితం ముందో, ఏది వెనకో ముప్ఫయ్యేళ్ళు కొత్తవాళ్ళకు నేర్పిన గుమాస్తాను. ఇంటి వంటకు వరుస ఉన్నదని తెలియలేదు.

మర్నాడు పప్పు కుదిరింది. ఎల్లిపాయ పోపు వాసనకు ఆమె లేచి కూర్చున్నది.

సినిమాలో భోజనం మాయతో వచ్చింది. నా కంచంలోకి బొగ్గుపొయ్యి పొగలోంచి వచ్చింది. ఈ మాట ఆమెతో అనడానికి నాకు డెబ్బయి దాటినయి. మిత్రులారా, మీరు ఇంత ఆలస్యం చేయకండి. సెలవు.