అప్పు తీర్చలేని స్థితి: అమెరికా దివాలా చట్టం

అమెరికాలో దివాలా ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టాలు చేసే అధికారాన్ని రాజ్యాంగం మొదటి అధికరణమే కాంగ్రెస్‌కు ఇచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న దివాలా స్మృతి 1978 నాటిది.

దివాలా కోర్టులో పిటిషన్ దాఖలైన క్షణంలోనే వసూళ్లు ఆగిపోతాయి. జడ్జి ఉత్తర్వు కోసం చూడనక్కర్లేదు. ఫోన్లు, దావాలు, జీతం జప్తు, ఇంటి వేలం సాధారణంగా అన్నీ నిలిచిపోవాలి. ఇది అప్పుపడ్డవారికి మాత్రమే దక్కే ఊరట కాదు. ముందుగా వచ్చిన రుణదాత ఉన్నదంతా ఊడ్చుకుపోతే మిగతావారికి ఏమీ దక్కదు. వారికీ ఇది రక్షణే.

దివాలా స్మృతిలోని ఏడో అధ్యాయం కింద ట్రస్టీ, మినహాయింపు లేని ఆస్తిని అమ్మి డబ్బు పంచుతాడు. తాకట్టు ఉన్న రుణదాతకు ఆ తాకట్టు విలువ మేరకు హక్కు ఉంటుంది. తర్వాత భార్యాబిడ్డల భరణం, కొంత మేర జీతాల బకాయిలు, పన్నుల వంటివి వస్తాయి. క్రెడిట్ కార్డు సంస్థల వంటివారు చివర్న, మిగిలినదాన్ని దామాషాగా పంచుకుంటారు. తరచూ ఏమీ మిగలదు. స్థిరమైన రాబడి ఉన్నవారు పదమూడో అధ్యాయం కింద ఆస్తి నిలుపుకొని, 3 నుంచి 5 ఏళ్లు వాయిదాలు కడతారు. పదకొండో అధ్యాయం ముఖ్యంగా నడుస్తూనే కోలుకోవాలనుకునే సంస్థలది.

ప్రక్రియ ముగిశాక మిగిలిన అప్పులు చాలావరకు రద్దవుతాయి. నిజాయితీపరుడై ఉండి చితికిపోయినవాడికి మళ్లీ నిలదొక్కుకునే అవకాశం ఇవ్వడమే దీని ఉద్దేశమని 1934లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి దాచినవాడికి ఆ రద్దు దక్కకుండా పోవచ్చు.

పట్టా పుచ్చుకునేవారు తప్పక తెలుసుకోవలసింది విద్యా రుణాల సంగతి. ప్రభుత్వ విద్యా రుణాల రద్దుపై 1976లో అయిదేళ్ల ఆంక్ష వచ్చింది. 1990లో అది ఏడేళ్లయింది. 1998లో గడువే తొలగి శాశ్వతమైంది. 2005లో ప్రైవేటు విద్యా రుణాలనూ చాలావరకు ఇందులో చేర్చారు. రద్దు కావాలంటే విడిగా దావా వేసి, మితిమీరిన కష్టం నిరూపించాలి. 1987 నాటి బ్రూనర్ తీర్పును అనుసరించే కోర్టులు మూడు విషయాలు చూస్తాయి: అప్పు కడితే కనీస జీవనం సాగదని, ఆ స్థితి చాలాకాలం ఉంటుందని, కట్టడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించారని. కార్డు మీద చేసిన ఖర్చు రద్దయి, చదువుకోసం చేసిన అప్పు వెంటాడడం న్యాయమనిపించదు. 2022 నవంబరులో న్యాయశాఖ తన న్యాయవాదులకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, ఫెడరల్ రుణాల విషయంలో ఈ నిరూపణను కొంత సులువు చేసింది. ప్రైవేటు రుణాలకు అవి వర్తించవు.