బ్యాచ్‌కో పుస్తకం: మనమే కట్టుకుందాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం చిన్నదే. ప్రతి బ్యాచ్ తన జ్ఞాపకాల పుస్తకాన్ని ఇంట్లోనే తయారుచేసుకుని, స్పైరల్ బైండింగు చేయించుకోవడం ఎలా? ప్రెస్సుకిచ్చి వెయ్యి కాపీలు వేయించే పని కాదిది. ముప్పై నలభై కాపీలు చాలు.

ఇప్పుడే ఎందుకంటారా? ఉప్పాడలో ఆ మాట వివరించి చెప్పాలా! మనతో చదువుకున్న కొందరి ఇళ్ళు ఉన్న చోట ఇవాళ నీళ్ళున్నాయి. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ రోడ్డు కోసుకుపోతుంది. ఇల్లు పోతే గోడకున్న ఫొటో కూడా పోతుంది. ఆ వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళుండగానే కాగితం మీద పెట్టాలి.

ముందే కంప్యూటరు తెరవకండి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన జాందానీ చీర ఎలా తయారవుతుందో మీకు తెలుసు. బుటా ముందు గ్రాఫు కాగితం మీదికి వస్తుంది, తరవాతే మగ్గం మీదికి. పుస్తకమూ అంతే. 24 తెల్ల కాగితాలు తీసుకుంటే రెండు వైపులా కలిపి 48 పేజీలు. పెన్సిలుతో అంకెలు వేసి, ఏ పేజీలో ఏమొస్తుందో ఒక్కో మాట రాయండి. కుడి పేజీలకు బేసి అంకెలు, ఎడమ పేజీలకు సరి అంకెలు. ఈ నమూనా పుస్తకం చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

రెండోది అంచు. తాళపత్రం మీద రాసేవారు తాడు దూర్చే రంధ్రం చుట్టూ ఖాళీ వదిలేవారు. మనకూ అదే సూత్రం. స్పైరల్ వచ్చే వైపు రెండున్నర సెంటీమీటర్లు వదలాలి. కుడి పేజీకి అది ఎడమ పక్క, ఎడమ పేజీకి కుడి పక్క. ఈ తేడా చూసుకోకపోతే సగం పేజీల్లో అక్షరాలకు చిల్లులు పడతాయి.

మూడోది అక్షరం. చదివేది మన వయసు వాళ్ళు, కాబట్టి 14 పాయింట్ల సైజు పెట్టండి. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి గనక వరసల మధ్య ఎడం ధారాళంగా ఇవ్వండి. ఉచితంగా దొరికే మండలి లాంటి యూనికోడ్ ఫాంటు వాడండి. అనూ ఫాంట్లలో కొట్టింది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో గజిబిజిగా కనిపిస్తుంది. దుకాణానికి పీడీఎఫ్ చేసే పట్టుకెళ్ళండి.

ఫొటోలను 300 డీపీఐలో స్కాన్ చేయండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. ప్రతి ఫొటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు, సంవత్సరం ఉండాలి. పేరు లేని ఫొటో ఇరవై ఏళ్ళ తరవాత ఎవరిదీ కాదు. కాగితం 100 జీఎస్ఎం తీసుకోండి. జాందానీకి రెండు వైపులా ఒకే బొమ్మ కనిపించడం అందం. కాగితానికి వెనక బొమ్మ ముందుకు కనిపించడం లోపం.

ఇక ముఖ్యమైన పేజీ, పాత వీధుల పటం. దాన్ని రెండు పేజీల మీదుగా పరచకండి, మధ్యలో స్పైరల్ వీధిని తెంపేస్తుంది. ఏ3 కాగితం మీద గీసి, ఒక అంచుకే చిల్లులు వేయించి, మిగతాది లోపలికి మడవండి. కొలతలు సరిగ్గా లేకపోయినా పరవాలేదు. ఎవరి ఇంటి పక్కన ఎవరిల్లో తెలిస్తే చాలు.

ఊరి చిరునామా కూడా ఆనాటిదే రాయండి. 1985కు ముందు మనకు మండలాలు లేవు, తాలూకాలే. 2022 ఏప్రిల్‌ 4న కాకినాడ జిల్లా ఏర్పడే దాకా మనది తూర్పు గోదావరి. పాత సంగతికి కొత్త పేరు తగిలిస్తే రేపటి పిల్లలు తికమకపడతారు.

మనది ఉప్పుగాలి. లోహపు తీగ తుప్పు పడుతుంది, అందుకని ప్లాస్టిక్ స్పైరలే వేయించండి. ఇంకుజెట్ ముద్రణ తడి తగిలితే అలుక్కుపోతుంది. జిరాక్సు గానీ లేజరు గానీ మేలు.

కుట్టు బైండింగు అందంగానే ఉంటుంది, కానీ ఒకసారి కుడితే అయిపోయినట్టే. స్పైరల్ తిప్పి లాగితే వస్తుంది. ఎవరి అటకమీదో ఇంకో ఫొటో దొరికితే ఆ పేజీ చేర్చి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. మన ఊరి కథ ఇంకా పూర్తి కాలేదు గనక మనకు ఇదే తగిన కట్టు.

ఒక్క మనవి. ప్రతి బ్యాచ్ ఒక కాపీ బడి గ్రంథాలయానికి ఇవ్వండి, ఇంకొకటి సముద్రానికి దూరంగా ఉన్న మిత్రుడి ఇంట్లో దాచండి. వచ్చే సమావేశానికి అన్ని బ్యాచ్‌ల పటాలూ ఈ బల్ల మీద పక్కపక్కన పరుద్దాం. ఒకరు మరిచిన ఇల్లు ఇంకొకరి పటంలో దొరుకుతుంది.