మన ఖర్చుకు తగిన కార్డు

దిండి నుంచి చించినాడ వంతెన దాటి రోజూ బండిమీద వెళ్లొచ్చేవారికి పెట్రోలు ఖర్చు ఎక్కువ. పడవ విహారం, రిసార్టు వ్యాపారాల్లో ఉన్నవారికి కిరాణా, కరెంటు బిల్లులు ఎక్కువ. అందుకే క్రెడిట్ కార్డు తీసుకునేముందు మూడు నెలల ఖర్చులు కాగితం మీద రాసుకోండి. దేనికి ఎక్కువ పోతోందో దానిమీద రాయితీ ఇచ్చే కార్డే మనది. విమానాశ్రయ లాంజ్ సౌకర్యం చూపి వార్షిక రుసుము అడిగితే, ఏడాదికెన్నిసార్లు విమానం ఎక్కుతామో ముందు ఆలోచించండి.

చిన్న దుకాణాల్లో కొనేవారికి రూపే క్రెడిట్ కార్డు మేలు. దాన్ని యూపీఐకి కలిపి, దుకాణంలో క్యూఆర్ కోడ్‌తో చెల్లించవచ్చు.

మన రైతులకు డబ్బు కొబ్బరి దింపు అయ్యాకో, రొయ్యల పట్టుబడి అయ్యాకో వస్తుంది. బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. పదివేల బిల్లుకు కనీస మొత్తమని 500 కట్టి ఊరుకుంటే, నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకున్నా మిగతా 9,500 మీద నెలకే 330 రూపాయలు దాటుతుంది. ఆపైన జీఎస్టీ. కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. సాగు పెట్టుబడికి కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. చేపలు, రొయ్యల పెంపకానికీ వర్తిస్తుంది. బ్యాంకులో అడగండి.

గడువులోగా పూర్తి బిల్లు కట్టగలమన్న నమ్మకం ఉంటేనే క్రెడిట్ కార్డు తీసుకోండి.