అన్నీ యాదుంటే బతకలేం

డ్యూటీ అయిపోయిందా? తిన్నారా? ఈ వారం మన మాట యాది గురించి. నిజామాబాద్, కరీంనగర్ దిక్కు యాది అంటాం. కడప, గోదావరి వైపు గుర్తు అంటారు. మాట ఏదైనా, ఊరు విడిచి వచ్చినోళ్లకు అదే పెద్ద ఆస్తి. అందుకే మరుపు అంటే మనకు భయం. ఆ భయం అన్నింటికీ అక్కర్లేదని చెప్పడానికే ఈ ఎపిసోడ్.

రష్యాలో షెరెషెవ్‌స్కీ అని ఒక విలేకరి ఉండేవాడు. లూరియా అనే మానసిక శాస్త్రవేత్త 1920ల నుంచి ఏళ్ల తరబడి ఆయన్ని పరీక్షించి, 1968లో పుస్తకం వేశాడు. పెద్ద అంకెల పట్టిక ఒకసారి చూస్తే చాలు, ఏళ్ల తర్వాత అడిగినా అప్పజెప్పేవాడట. ఎంత అదృష్టం అనిపిస్తుంది కదా? కానీ ఆయన బాధల్లా మరుపు రాకపోవడమే. అక్కర్లేని అంకెల్ని కాగితం మీద రాసి కాల్చేశాడు. కాలిన కాగితం మీద కూడా అవే కనిపించాయట! ఇంకో చిత్రం, మనుషుల ముఖాలు మాత్రం ఆయనకు సరిగా గుర్తుండేవి కావు. ముఖం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కదా, ఆ మార్పులన్నీ పట్టేసేవాడు. అంటే, చిన్న చిన్న తేడాలు వదిలేస్తేనే మనం మనిషిని గుర్తుపడతాం.

ఇది మనకూ తగిలే మాటే. రెండేళ్ల పాపను వదిలి విమానం ఎక్కితే, మన మనసులో ఆ పాప రెండేళ్ల దగ్గరే ఆగిపోతుంది. నాలుగేళ్లకు సెలవు మీద పోతే తల్లి కొంగు చాటుకు దాక్కుంటుంది. "నన్ను మరిచిపోయింది" అని గుండె కలుక్కుమంటుంది. కానీ మనమూ ఎదురుగా ఉన్న ఆరేళ్ల పిల్లను చూడట్లేదు, ఆ రెండేళ్ల పాపనే వెతుకుతున్నాం. పాత బొమ్మను కొంచెం మరిస్తేనే కొత్త మనిషి కనిపిస్తుంది.

మరి మరవకూడనివి? 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి తన మీదే పరీక్ష చేసుకున్న ఫలితాలు అచ్చువేశాడు. గంటలోనే సగానికి పైగా జారిపోయింది. విడతలు విడతలుగా మళ్లీ చదివితే మాత్రం నిలిచింది. కాబట్టి ఇంటి నంబరు ఫోన్‌లో ఉంటే చాలదు, ఫోన్ పోయిన రోజు నోటికి రావాలి. ఈరోజు చెప్పుకోండి, రేపు మళ్లీ, మూడు రోజులకు, వారానికి. పాస్‌పోర్టు, అకామా నంబర్లూ అంతే. ఓవర్‌టైమ్ గంటలు, చేతికొచ్చిన జీతం మాత్రం మనసుకు అప్పగించొద్దు. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. లెక్క తేడా వచ్చిన రోజు యాది కన్నా కాగితం గట్టిగా మాట్లాడుతుంది.

రేపు ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలతో "నేను యాదున్ననా?" అనకండి. ఈరోజు బడిలో ఏమైందో, ఎవరితో ఆడుకున్నారో అడగండి.

వచ్చే వారం కలుద్దాం. పైలం.